గ్యాస్ పైపు లీకైతే ఎవరు ఎవరికి చెప్పాలి? రిపోర్టు రాసే బాధ్యత ఎవరిది? (బెంగళూరు పీఎన్‌జీ, అంటే పైపుల్లో వచ్చే సహజవాయువు)

బెల్లందూరు సెక్రటరీ
అందరికీ నమస్కారం. సర్జాపుర రోడ్డు వైపు 240 ఫ్లాట్ల అపార్టుమెంటు మాది. పైపు గ్యాసు వచ్చింది, సగం ఫ్లాట్లలో వాడకం మొదలైంది. అసోసియేషన్ తరఫున లీకు వస్తే ఏం చేయాలో ఒక కాగితం రాసిపెట్టుకోవాలని కూర్చుంటే మీటింగులో నలుగురు నాలుగు మాటలన్నారు. ఫైరు వాళ్లకు చెబితే చాలని ఒకరు, 1906కి ఫోన్ చేయాలని ఒకరు, పెట్రోలియం బోర్డుకు అసోసియేషనే రాయాలని ఇంకొకరు. గేటు బయట రోడ్డు తవ్వేవాడు పైపు తెంపితే ఆ బాధ్యత వాడిదే, మనకెందుకని మరొకరు. చట్టప్రకారం ఎవరి పని ఏది? తెలిసినవాళ్లు చెప్పండి. ఊహలొద్దు, అవి మీటింగులోనే బోలెడు వచ్చాయి.

సేఫ్టీ శాస్త్రి
సెక్రటరీ గారూ, ఒక్క మాటలో చెప్పాలంటే, పైపు ఎవరు తెంపినా నియంత్రణ సంస్థకు రిపోర్టు ఇవ్వాల్సింది ఆ నెట్‌వర్కు నడపడానికి అనుమతి పొందిన కంపెనీయే. బెంగళూరు అర్బన్, రూరల్ జిల్లాలకు అది గెయిల్ గ్యాస్. చెన్నై, తిరువళ్ళూరుకైతే టొరెంట్ గ్యాస్. మీరు గానీ, కాంట్రాక్టరు గానీ బోర్డుకు ఫారాలు నింపక్కర్లేదు.

కాస్త వివరంగా. 2006 నాటి పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి చట్టం కింద పీఎన్‌జీఆర్‌బీ ఏర్పడింది. సిటీ గ్యాసుకు సంబంధించి ఆ బోర్డు నిబంధనల్లో మీకు అవసరమైనవి రెండు. 2008లో వచ్చిన సాంకేతిక, భద్రతా ప్రమాణాలు ఒకటి, వీటిని ఫీల్డులో టీ4ఎస్ అంటారు. 2010లో వచ్చిన అత్యవసర స్పందన, విపత్తు నిర్వహణ నిబంధనలు రెండోది, దాన్ని ఈఆర్‌డీఎంపీ అంటారు. రిపోర్టింగ్ సంగతంతా ఈ రెండో దాంట్లోనే ఉంటుంది.

అందులో ప్రమాదాలను తీవ్రతను బట్టి పెద్దవి, చిన్నవి, తృటిలో తప్పినవి అని విడదీశారు. మంట 15 నిమిషాలకు మించి మండినా, పేలుడు జరిగినా, ప్రాణం పోయినా, 5 లక్షల రూపాయలకు మించి నష్టమొచ్చినా, మొత్తం కలిపి 500 పనిగంటలకు మించి పోయినా అది పెద్ద ప్రమాదమే. అలాంటిది జరిగితే కంపెనీ 48 గంటల్లోపు బోర్డుకు తెలియజేయాలి. చిన్నవీ, తృటిలో తప్పినవీ మూడు నెలలకోసారి ఇచ్చే నివేదికలో చేర్చాలి. మంట లేకుండా పైపు తెగి, వాల్వు మూసి, అతికించేసినది కూడా ఈ లెక్కలోకి వస్తుంది. "ఏమీ కాలేదు కదా" అని వదిలేయడానికి నిబంధన ఒప్పుకోదు.

ఇది కాక లెవెల్ 1, 2, 3 అని ఇంకో వర్గీకరణ ఉంది. దాన్నీ దీన్నీ కలిపేసి గందరగోళపడేవాళ్లు చాలామంది. లెవెల్ అనేది సాయం ఎక్కణ్ణుంచి కావాలన్న దాన్ని బట్టి. కంపెనీ సిబ్బందితో సర్దుకుంటే లెవెల్ 1. బయటి సాయం, జిల్లా యంత్రాంగం కావాల్సి వస్తే లెవెల్ 2. జిల్లా చేయి దాటిపోయి రాష్ట్రమో కేంద్రమో దిగాల్సి వస్తే లెవెల్ 3. లెవెల్ 1లో ముగిసినా, నష్టాన్ని బట్టి పెద్ద ప్రమాదం కావచ్చు.

మీటరు రీడింగు
శాస్త్రి గారు చెప్పింది కంపెనీ నుంచి బోర్డుకు వెళ్లే దారి. మీ నుంచి కంపెనీకి వెళ్లే దారి వేరు. కాగితంలో రాయాల్సింది ఇదే.

1906 గురించి. అది 2016 జనవరి 1న సిలిండరు గ్యాసు లీకుల కోసం ఆయిల్ కంపెనీలు పెట్టిన నంబరు. పైపు గ్యాసుకు దానికి చేస్తే మీ వీధి వాల్వు ఎక్కడుందో అవతలివాళ్లకు తెలియదు. మీకు కావాల్సింది మీ మీటరు మీద, బిల్లు వెనక అచ్చువేసిన కంపెనీ ఎమర్జెన్సీ నంబరు, 24 గంటలూ పలికేది. మంట కనిపించినా, మనిషి పడిపోయినా 112 లేదా 101. రెండూ చేయాలి, ఒకటి చేశామని రెండోది మానకూడదు. ఫైరింజను వాళ్లు నీళ్లు కొట్టగలరు, మనుషుల్ని ఖాళీ చేయించగలరు. 4 బార్ల ఒత్తిడితో గ్యాసు పోయే పీఈ (పాలిథిలీన్ ప్లాస్టిక్) పైపును నొక్కి ఆపే పనిముట్టు మాత్రం కంపెనీ వాళ్ల బండిలోనే ఉంటుంది.

ఫోన్లో ఏం చెప్పాలో కూడా రాసిపెట్టండి, కంగారులో మాటలు తడబడతాయి. ఎక్కడ (గేటు నంబరు, అడ్డరోడ్డు, పక్కన ఏముంది), వాసనా లేక బుస్సుమని చప్పుడా లేక మంటా, లోపలా బయటా, బేస్‌మెంట్ ఉందా, ఎవరైనా తవ్వుతున్నారా. తర్వాత ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి, టైము పక్కనే రాసుకోండి. గొడవ ముదిరాక అందరూ వెతికేది ఆ టైమునే. కంపెనీకి ఎప్పుడు తెలిసింది అన్న ప్రశ్నకు సాక్ష్యం కంట్రోల్ రూమ్ లాగు, మీ కాల్ హిస్టరీ. ఈ రెండే.

టెండరు రెడ్డి
తవ్వే పక్షం మాట కూడా వినండి. సిటీలో రోడ్డు తవ్వాలంటే అనుమతి కావాలి, బెంగళూరులో మార్క్స్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది, అందులో గ్యాసు, నీళ్లు, కరెంటు, కేబుల్ సంస్థలన్నీ ఉంటాయి. 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్ కూడా వచ్చింది. ఎక్కడ తవ్వుతున్నామో అందులో పెడితే ఆ చోట లైన్లున్న సంస్థలకు కబురు పోతుంది. కాగితం మీద అంతా బాగుంది.

నేల మీద జరిగేది వేరు. పెద్ద కాంట్రాక్టరు పని తీసుకుని చిన్నవాడికిస్తాడు, చిన్నవాడు జేసీబీని గంటల లెక్కన అద్దెకు తెస్తాడు. బకెట్టు తిప్పే కుర్రాడికి డ్రాయింగు ఎవరూ చూపించరు. గ్యాసు పైపుకు 1 మీటరు లోతు ఉండాలన్నది రూలు, పైన పసుపు పచ్చ వార్నింగ్ మ్యాట్ ఉండాలి. కానీ తర్వాత రోడ్డు లెవెల్ దించితే ఆ మీటరు అరమీటరవుతుంది. మ్యాట్ కనిపించిందంటే జేసీబీ ఆపి చేత్తో తవ్వాలి. ఆ మ్యాట్‌ని ఏదో పాత బ్యానరనుకుని లాగేసేవాళ్లున్నారు.

రిపోర్టు సంగతికొస్తే, తెంపినవాడు వెంటనే కంపెనీకి ఫోన్ చేయడమే వాడికీ లాభం. రిపేరు బిల్లు ఎలాగూ వాడి మీదికే వస్తుంది. దాచి మట్టి కప్పితే బిల్లుతో పాటు కేసు కూడా.

సేఫ్టీ శాస్త్రి
రెడ్డన్నా, ఆ మట్టి కప్పడం గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. బహిరంగ గుంతలో బుస్సుమంటున్న గ్యాసు భయపెడుతుంది, నిజమే. కానీ అది గాలికంటే తేలిక, సాంద్రత గాలిలో సుమారు 0.6 వంతు, పైకి పోయి చెదిరిపోతుంది. మట్టి కప్పితే పైకి దారి మూసుకుపోయి పక్కకు పాకుతుంది. కేబుల్ డక్టు, డ్రైనేజీ మ్యాన్‌హోలు, వాననీటి కాలువ, పునాది పక్క వదులు మట్టి, ఎక్కడ సందు దొరికితే అందులోకి. అలా 20, 30 మీటర్ల అవతల ఎవరో ఒకరి బేస్‌మెంటులో తేలుతుంది. మట్టిలోంచి పోయేటప్పుడు వాసన కోసం కలిపిన మెర్కాప్టాన్ కొంత మట్టికే అంటుకుపోతుంది కాబట్టి అక్కడ వాసన కూడా పలచగా ఉంటుంది.

ఎంత గ్యాసు పోతుందో ఒక లెక్క ఇస్తాను. వీధి పీఈ లైనులో 4 బార్లు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం పడితే గంటకు సుమారు 200 నుంచి 280 ఘనపు మీటర్లు బయటికొస్తాయి. మామూలు ఇంటి వంటకు రోజుకు అర ఘనపు మీటరు. ఇంటి లోపలి పైపులో ఒత్తిడి 21 మిల్లీబార్లే కాబట్టి అక్కడ 2 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి గంటకు అర ఘనపు మీటరు వస్తుంది. తక్కువే అనిపిస్తుంది. కిటికీలు మూసిన చిన్న వంటగది 22 ఘనపు మీటర్లనుకుంటే 5 శాతం, అంటే అంటుకునే స్థాయి చేరడానికి రెండు గంటలు చాలు. పైకప్పు దగ్గర ఇంకా ముందే చేరుతుంది.

కంపెనీ మనుషులు వచ్చి చేసే పని చూస్తే తెలుస్తుంది, అది మేస్త్రీ పని కాదు. పీఈ పైపు మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది, గ్యాసు వేగంగా పోతున్నప్పుడు మరీ. అందుకే ముందు తడి గుడ్డ పైపుకు చుట్టి దాని చివర నేలకు తగిలేలా వేస్తారు, ఆరకుండా నీళ్లు పోస్తుంటారు. ఆ తర్వాతే స్క్వీజ్ పనిముట్టు బిగించి, రంధ్రానికి గ్యాసు వచ్చే వైపున పైపును నొక్కుతారు. దెబ్బతిన్న ముక్క కోసి ఎలక్ట్రోఫ్యూజన్ కప్లరుతో (కరెంటు వేడితో కరిగి అతుక్కునే జాయింటు) కొత్త ముక్క అతికిస్తారు. నొక్కిన చోట గుర్తు వేస్తారు, అక్కడే మళ్లీ నొక్కకూడదు గనుక. పొడి గోనెసంచీ కుక్కడం, సైకిల్ ట్యూబు చుట్టడం చేస్తే ఆ రాపిడికే నిప్పు పుట్టొచ్చు.

కోనసీమ కొబ్బరి
మా వైపు వాళ్లకు ఈ చర్చ వేరేగా వినిపిస్తుంది. ఇక్కడ చెప్పిందంతా సిటీ గ్యాసు గురించి. ఊళ్ల మధ్యగా పోయే పెద్ద ట్రంకు లైన్లలో గ్యాసుకు చాలావరకు వాసనే ఉండదు. వాసన కలిపేది పెద్ద లైను నుంచి ఊరి లైన్లలోకి గ్యాసు దించే సిటీ గేట్ స్టేషన్లో. అంటే హోసూరు రోడ్డు పక్క పొలంలో పెద్ద లైను లీకైతే ముక్కుకు తెలియకపోవచ్చు. గడ్డి వృత్తాకారంలో ఎండటం, నీటిగుంటలో బుడగలు, చప్పుడు, దుమ్ము లేవడం, ఇవే గుర్తులు.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో జరిగింది ఎవరికీ మరుపు రాదు. 18 అంగుళాల గెయిల్ లైను. నీళ్లు, కండెన్సేటు (గ్యాసుతో వచ్చే ద్రవ ఇంధనం) కలిసిన గ్యాసు పోవడంతో పైపు లోపలినుంచి తుప్పు తినేసింది. గ్యాసు ఊరంతా కమ్ముకుని, నిప్పు తగలగానే అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. సిటీ గ్యాసు రూల్సును ఈ లైన్లకు అన్వయించి చదవొద్దని చెప్పడానికే ఇది రాశాను. ట్రంకు లైన్లకు 2009లో వచ్చిన వేరే ప్రమాణాలున్నాయి. రిపోర్టింగ్ మాత్రం అదే ఈఆర్‌డీఎంపీ కింద లైను నడిపే కంపెనీదే.

లైను పొడవునా పసుపు రంగు మార్కర్ రాళ్లుంటాయి, వాటి మీద ఎమర్జెన్సీ నంబరు, కిలోమీటరు నంబరు రాసి ఉంటాయి. ఫోన్ చేసినప్పుడు "ఫలానా ఊరి పొలం" అనకుండా ఆ కిలోమీటరు నంబరు చెబితే ఏ రెండు వాల్వు స్టేషన్ల మధ్య మూయాలో వాళ్లకు అక్కడికక్కడే తెలుస్తుంది. ఇక గ్యాసు తీసే బావి దగ్గర లీకైతే అది పీఎన్‌జీఆర్‌బీ పరిధే కాదు, గనుల భద్రతా డైరెక్టరేట్, డీజీఎంఎస్ చూస్తుంది. 1995 పాశర్లపూడి మంట ఆ కోవలోది.

నైట్ షిఫ్ట్ నాని
నేను పనిచేసేది అమెరికా గ్యాసు కంపెనీల కంప్లయన్స్ రికార్డులు చూసే టీములో, ఆఫీసు ఇక్కడే మాన్యతా వైపు. పోల్చుకోవడానికి అక్కడి రూలు పెడుతున్నాను.

అక్కడ ఫెడరల్ నిబంధనల 191వ భాగం ఉంది. ప్రాణం పోయినా, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, నిర్ణీత డాలర్లకు మించి ఆస్తినష్టం జరిగినా, 30 లక్షల ఘనపు అడుగులకు మించి గ్యాసు పోయినా, నిర్ధారణ అయిన గంటలోపు జాతీయ స్పందన కేంద్రానికి ఫోన్ చేయాలి. 48 గంటల్లో ఆ సమాచారాన్ని సరిచూసి మళ్లీ చెప్పాలి. 30 రోజుల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. ఆస్తినష్టం గీతను 2021లో 1,22,000 డాలర్లకు పెంచి, అప్పట్నుంచి ధరల సూచీతో మారుస్తున్నారు. పోయిన గ్యాసు ఖరీదు అందులో కలపరు.

పేచీ ఎక్కడొస్తుందంటే ఆ "నిర్ధారణ" దగ్గర. మనిషి వెళ్లి అంతా కొలిచాకే గడియారం మొదలవుతుందనుకుంటే పొరపాటు. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి ఇది రిపోర్టు చేయదగిందేనని సహేతుకంగా అనుకోగలిగిన క్షణం నుంచే లెక్క, పరిశీలన పూర్తి కాకపోయినా సరే.

శాస్త్రి గారి లెక్కను దీనికి పెట్టి చూడండి. 30 లక్షల ఘనపు అడుగులంటే సుమారు 85,000 ఘనపు మీటర్లు. గంటకు 250 పోతే 14 రోజులు పడుతుంది. వీధి పైపుకు అలాంటి రంధ్రం పడితే ఆ గ్యాసు పరిమాణం గీత మామూలుగా దాటదు. గాయమో నష్టమో అయితేనే రిపోర్టు. ఆ విషయంలో మన తృటిలో తప్పినవాటి లెక్కే మేలు, రాస్తే.

ఇంకొకటి. అక్కడ 196వ భాగం కింద, తవ్వేవాడు పైపుకు దెబ్బ తగిలిస్తే వెంటనే కంపెనీకి చెప్పడం, గ్యాసు బయటికొస్తే 911కి (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయడం వాడి సొంత బాధ్యత. 2016 నుంచి అమల్లో ఉంది.

టెండరు రెడ్డి
అట్లాంటి రూలు ఇక్కడ సూటిగా గ్యాసుకు ఉంటే మా పని కూడా సులువయ్యేది. ఆ "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్ వెనకున్న 2022 నిబంధనలు టెలికాం లైన్ల కోసం చేసినవి.

పెరంబూరు పద్మ
చెన్నై నుంచి. బేస్‌మెంట్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి.

గేటు బయట లీకైతే కంపెనీ వాళ్లు రోడ్డు మీద పని ముగించి వెళ్లిపోతామంటే ఒప్పుకోకండి. పునాది పక్కన ఇనుప చువ్వతో అక్కడక్కడా రంధ్రాలు పొడిచి డిటెక్టరు పెట్టి చూడాలి, దీన్ని బార్‌హోల్ సర్వే అంటారు. మ్యాన్‌హోళ్లు, లిఫ్టు గుంత, ట్రాన్స్‌ఫార్మర్ కేబుల్ కందకం, ఇంటర్నెట్ కేబుల్ వచ్చే గోడ రంధ్రం, వీటన్నిట్లో రీడింగు సున్నా వచ్చేదాకా లీకు అయిపోనట్టే. ఆ రీడింగులు ఒక షీటు మీద రాయించుకుని సంతకం తీసుకోండి. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

డిటెక్టరు కొనేవాళ్లకు: సిలిండరుకు వాడేది నేల దగ్గర పెడతారు, ఆ గ్యాసు బరువు గనుక. పైపు గ్యాసుకు మీథేన్ డిటెక్టరు పైకప్పుకు ఓ అడుగు కింద పెట్టాలి. సిలిండరు నుంచి పైపుకు మారినవాళ్లు పాతదాన్ని నేల దగ్గరే ఉంచేస్తారు, అది మోగదు.

వాసన విషయం కూడా. మురుగు కాలువ వాసన కుళ్లిన గుడ్డు, మెర్కాప్టాన్‌ది కుళ్లిన క్యాబేజీ, వెల్లుల్లి లాంటిది. నిబంధన ప్రకారం అంటుకునే స్థాయిలో 5వ వంతుకే, అంటే గాలిలో 1 శాతం గ్యాసుకే మామూలు మనిషికి తెలిసేలా కలపాలి. ఏ వాసనో తేల్చుకునే పని సెక్యూరిటీ గార్డుకు అప్పగించకండి. ఫోన్ చేయడమే వాడి పని.

మీటరు రీడింగు
పద్మక్కా, భలే చెప్పారు. ఇంటి లోపల లీకుకు ఒక పరీక్ష కలుపుతాను. పొయ్యి నాబ్‌లన్నీ మూసి, మీటరులో ఎర్ర అంకెల చివరిది రాసుకుని 15 నిమిషాలు ఆగాలి. కదిలితే మీటరు తర్వాత ఎక్కడో పోతోంది. సబ్బు నురగతో జాయింట్లు చూడొచ్చు. కదలకపోతే అంతా బాగున్నట్టు కాదు, మీటరుకు ముందున్న జాయింటు లీకైతే మీటరుకు తెలియదు. ఎక్కువసార్లు దొరికేది రబ్బరు గొట్టం దగ్గర. ఐఎస్ 9573 గుర్తున్నదే వాడాలి, 5 ఏళ్లకు మార్చాలి, దాని మీద సంవత్సరం అచ్చువేసి ఉంటుంది.

మీటరు దాకా కంపెనీది, ఆ తర్వాతి గొట్టం, పొయ్యి ఇంటివాళ్లవి. రిపేరు ఖర్చుకే ఈ హద్దు. కబురు చెప్పడానికి హద్దు లేదు, ఎక్కడ లీకైనా కంపెనీకే చెప్పాలి.

సేఫ్టీ శాస్త్రి
మీ కాంపౌండులో లేదా పక్కన సీఎన్‌జీ బంకు ఉంటే మాత్రం వేరే దారి. అక్కడ సిలిండర్ల కాస్కేడులు (కలిపి కట్టిన వరసలు) ఉంటాయి కాబట్టి 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 1884 పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తాయి, చూసేది పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. ప్రమాదం జరిగితే లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు పెసో చీఫ్ కంట్రోలరుకు, దగ్గర్లోని పోలీసు స్టేషనుకు వెంటనే తెలపాలి. పెసో మనిషి వచ్చి చూసేదాకా, లేదా సరే అనేదాకా శిథిలాలు కదపకూడదు. గాయపడ్డవాళ్లను, శవాలను తీయడానికి ఎంత అవసరమో అంతే కదపాలి. పీఎన్‌జీఆర్‌బీకి ఇచ్చేది దీనికి అదనం.

పీణ్య వైపు ఫ్యాక్టరీల్లో బాయిలరుకు, ఫర్నేసుకు ఈ గ్యాసు వాడేవాళ్లకు మూడో దారి. లీకువల్ల కార్మికుడు 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేకపోతే ఫ్యాక్టరీ యాజమాన్యం ఫ్యాక్టరీల శాఖకు నోటీసు ఇవ్వాలి. గ్యాసు కంపెనీ ఇచ్చిందిలే అనుకుంటే చెల్లదు. ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు.

బెల్లందూరు సెక్రటరీ
చాలా స్పష్టంగా ఉంది, థాంక్స్. ఒకటే సందేహం మిగిలింది. కంపెనీ ఆ లీకును చిన్నదని రాసేసుకుంటేనో, అసలు రాయకుండా ఊరుకుంటేనో? మాకెలా తెలుస్తుంది?

నైట్ షిఫ్ట్ నాని
సమాచార హక్కు. పీఎన్‌జీఆర్‌బీ ప్రభుత్వ సంస్థే, 10 రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. "మా ఏరియాలో జరిగిన ప్రమాదాల వివరాలివ్వండి" అని గుడ్డిగా అడిగితే జవాబు లేకుండానే వెనక్కి వస్తుంది. తేదీ, చోటు, కంపెనీ పేరు ఇచ్చి, ఆ రోజు ఘటనపై ఈఆర్‌డీఎంపీ కింద మీకు నివేదిక అందిందా, అందితే ఏ తేదీన, ఏ వర్గంలో చూపారు అని మూడే అడగండి. పూర్తి నివేదిక అడిగితే వాణిజ్య గోప్యత సాకుగా చూపొచ్చు, తేదీకి ఆ సాకు పనికిరాదు.

సేఫ్టీ శాస్త్రి
దాని తర్వాతి మెట్టు చట్టం 25వ సెక్షన్. ఎవరైనా బోర్డు ముందు ఫిర్యాదు వేయొచ్చు. ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 60 రోజుల్లోపు వేయాలి, దాటితే తగిన కారణం చూపాలి. కాబట్టి ఆర్‌టీఐ జవాబు కోసం 30 రోజులు ఆగి, ఆ తర్వాత తీరిగ్గా లాయరును వెతికితే గడువు అయిపోతుంది. బోర్డు ఆదేశాన్ని ఉల్లంఘిస్తే 28వ సెక్షన్ కింద ఒక్కోదానికి కోటి రూపాయల దాకా, కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది.

నిజం చెప్పాలంటే అపార్టుమెంటు స్థాయిలో అంతదూరం పోనక్కర్లేదు. కంపెనీ భద్రతా అధికారికి ఒక ఈమెయిల్, "ఫలానా తేదీ, ఫలానా ఫిర్యాదు నంబరు ఘటనను త్రైమాసిక నివేదికలో చేర్చారా" అని, డిప్యూటీ కమిషనర్ (కర్ణాటకలో కలెక్టరు) ఆఫీసులో జిల్లా విపత్తు నిర్వహణ విభాగానికి కాపీ. ఆ కాపీ పడ్డాక ఎవరూ ఊరుకోరు.

టెండరు రెడ్డి
పోలీసు కేసు మాటేంటి? తవ్వినవాడి మీద ఏ సెక్షన్ పెడతారు?

నైట్ షిఫ్ట్ నాని
మండే పదార్థం విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287, పాత ఐపీసీలో 285. ప్రాణం పోతే 106. పైపులైన్ల చట్టం, 1962 నాటిది, కూడా పెడతారని కొందరంటారు. అది భూమిలో హక్కు సేకరించి వేసిన ట్రంకు లైన్లకు, అదీ కావాలని పాడుచేసినప్పుడు. వీధి పీఈ పైపుకు అది పెట్టడం అతకదు.

పెరంబూరు పద్మ
మీ కాంపౌండు లోపల మీరే పిలిచిన బోరు వాడో, తోటపని వాడో తెంపితే ఆ నిర్లక్ష్యంలో అసోసియేషన్‌కీ వాటా పడుతుంది. లోపలి లైను డ్రాయింగు కంపెనీ దగ్గర తీసుకుని సెక్యూరిటీ గదిలో పెట్టండి. పలుగు పట్టే ప్రతివాడికీ ముందు అది చూపించి సంతకం తీసుకోవాలి.

బెల్లందూరు సెక్రటరీ
సెక్యూరిటీ గదికి ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"గ్యాసు వాసన వస్తే: లైటు, ఫ్యాను స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. తలుపులు, కిటికీలు తెరవండి. లిఫ్టు వాడొద్దు. వాసన లేని చోటికి వెళ్లి గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీకి, మంట ఉంటే 112కి కూడా ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు, టైము రిజిస్టరులో రాయండి. ఆ బ్లాకు రైజర్ (పై అంతస్తులకు వెళ్లే నిలువు పైపు) వాల్వు మూయండి. వాసన పోయాక వాల్వు తెరవండి."

మీటరు రీడింగు
చివరి వాక్యం కొట్టేయండి సార్. రైజర్ మూసినప్పుడు పై ఫ్లాట్లలో వెలుగుతున్న పొయ్యిలన్నీ ఆరిపోతాయి, నాబ్‌లు మాత్రం తెరిచే ఉంటాయి. మీరు వాల్వు తెరవగానే ఆ పొయ్యిలన్నిట్లోంచి మండని గ్యాసు వస్తుంది. ఇంట్లో ఎవరూ లేని ఫ్లాటు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మూయడం ఎవరైనా చేయొచ్చు. తెరవడం మాత్రం కంపెనీ టెక్నీషియనే, ప్రతి ఫ్లాటులో నాబ్ మూసి ఉందని చూశాకే.

ఇంకొకటి, గార్డుకు వాల్వు ఎటు తిప్పాలో రాయలేదు. పిడి పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పావు తిప్పు చాలు. ఆ బొమ్మా, ఎమర్జెన్సీ నంబరూ వాల్వు పక్క గోడ మీదే పెయింటుతో రాయించండి.

బెల్లందూరు సెక్రటరీ
కొట్టేశాను. ఆ వాల్వు పెట్టెకు తాళం ఉంది, తాళంచెవి ఫెసిలిటీ మేనేజరు దగ్గర.

మీటరు రీడింగు
మేనేజరు ఆరింటికి ఇంటికెళ్లిపోతాడు కదా. తాళం తీయించి పగలగొట్టుకునే గాజు పెట్టె పెట్టించండి, అంతదాకా చెవి నైట్ గార్డు దగ్గర ఒకటి.